రాగి బాయిలర్‌లో పిచ్చుకలు

అది 2022. విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇనుముతో తోట బొమ్మలు చేయడం మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు. ఉత్త బొమ్మలు కావవి. వాటిలో పిట్టలు గూడు పెట్టుకోవాలి, ఉడతలు నీళ్లు తాగాలి. ఇంట్లో నేనొక్కణ్ణే కాబట్టి ఎక్కువగా షెడ్డులోనే గడిపేవాణ్ణి.

ఆ జనవరిలో పటమట నుంచి సుభద్ర గారు ఆటోలో ఒక రాగి బాయిలర్ తెచ్చారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. స్నానానికి నీళ్లు కాచుకునే ఆ బాయిలర్ వాళ్లమ్మగారిది. ఆ పెద్దావిడ పోయి ఏడాదైంది.

"ఇందులో పిచ్చుకలు ఉండేలా చేసిపెట్టండి మేస్త్రీ గారూ. అమ్మ ఉన్నన్నాళ్లూ ఏదో ఒకటి అంటూనే ఉండేది. ఇప్పుడు ఇంట్లో చప్పుడు చేసేది ఫ్రిజ్జొక్కటేనండీ," అన్నారు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో ఫ్రిజ్జు కూడా లేదు.

పనితనం చూపించాలని నాకు ఒకటే ఉబలాటం. కుళాయిని ముక్కుగా, పాత తాళంచెవుల్ని రెక్కలుగా పెట్టి బాయిలర్‌ను పెద్ద పక్షిని చేశాను. పక్కన పిచ్చుక దూరేంత కన్నం పెట్టాను. చివర్న బఫింగ్, అంటే తిరిగే గుడ్డచక్రంతో లోహాన్ని అద్దంలా మెరిపించడం. వీధిలో అందరికీ కనబడాలని వాళ్లింటి పడమటి గోడకు బిగించాను.

మార్చిలో ఫోన్ వచ్చింది. "వచ్చాయండీ! గడ్డి మోస్తున్నాయి!" ఆ తర్వాత రోజూ ఫోనే. పిల్లలు పుట్టాక తల్లి ఎన్నిసార్లు మేత తెచ్చిందో కూడా లెక్క చెప్పేవారు. ఆ ఫోన్ కోసం నేనూ ఎదురుచూసేవాణ్ణి. ఏప్రిల్లో రెండ్రోజులు ఫోన్ రాకపోయేసరికి నేనే వెళ్లాను.

"మొన్న మధ్యాహ్నం నుంచి అరుపుల్లేవు. తీసి చూడ్డానికి ధైర్యం చాల్లేదండీ," అన్నారు.

మూత పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. లోపల నాలుగు పిల్లలు, చచ్చిపోయి ఉన్నాయి. బెజవాడ ఎండకు రాగి ఎంత కాలుతుందో ముప్పై ఏళ్లుగా లోహంతో పనిచేస్తూ తెలిసినవాణ్ణి, మెరుపు మోజులో మరిచాను. పైన పటారం, లోన లొటారం. తిడతారేమోనని నిలబడ్డాను. తిడితే బాగుండేది.

"మనం చూసుకోడానికి చేసుకున్నామండీ, అవి ఉండటానికి కాదు," అన్నారావిడ.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. లోపల తాటి చెక్కలు అమర్చాను. పైన వెంట్ హోల్స్, అంటే వేడి గాలి పోయే చిల్లులు పొడిచాను. ఆ మెరుపు మీదే తెల్ల సున్నం పూసి, ఉత్తరం వైపు సన్‌షేడ్ కింద బిగించాను. ఆ ఏడాది ఏ పిట్టా రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు. ఆదివారాలు వెళ్లేవాణ్ణి. ఆవిడ టీ ఇచ్చేవారు. ఇద్దరం దాని వంకే చూస్తూ తాగేవాళ్లం.

2024 మార్చిలో ఓ పొద్దున సుభద్ర గారి నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మా, చెప్పండి," అన్నాను. ఫోన్లో కిచకిచలు. ఆవిడ ఫోన్‌ను గూడు దగ్గర పట్టుకున్నారని అర్థమైంది. గ్రైండర్ ఆపేసి, చాలాసేపు అలాగే విన్నాను. ఆవిడా పెట్టెయ్యలేదు.

ఇప్పుడు ఏ గూడు చేసినా మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి, లోపల చెయ్యి ఉంచి వంద లెక్కపెడతాను. చెయ్యి నిలవకపోతే, ఎంత అందంగా కుదిరినా సరే, విప్పేస్తాను.