కోసేసిన ఓట్స్ కోసం గ్రేటర్ నోయిడాకు

ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఉదయం, నేనుండే బేర్ సరాయ్‌లో మెస్‌లో పరాఠా తింటుండగా శ్రావణి ఫోన్ చేసింది. గ్రేటర్ నోయిడాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివే కరీంనగర్ అమ్మాయి. నా పీహెచ్‌డీ కోసం అక్కడి పొలంలో వేసిన ఓట్స్‌ను ఆమే చూసిపెడుతుంది.

"అక్కా, మన మళ్లు కోస్తున్నరు. ఆపమంటే ఇంటలేరు."

"ఎవరు కోయమన్నారు?"

"ఫార్మ్ మేనేజర్ సారంట. రేపు గెస్టులు వస్తున్నరంట."

పరాఠా అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను.

అటు వెళ్ళేవారికి పనికొస్తుందని దారి చెబుతున్నాను. ఐఐటీ స్టేషన్‌లో మెట్రో మెజెంటా లైన్ ఎక్కితే బొటానికల్ గార్డెన్ దాకా మారక్కర్లేదు. అక్కడ బ్లూ లైన్ పట్టుకుని సెక్టార్ 52లో దిగి, బయటికొచ్చి సెక్టార్ 51కి నడిస్తే గ్రేటర్ నోయిడా వెళ్ళే ఆక్వా లైన్ దొరుకుతుంది. మామూలుగా అది హాయిగా నడిచే దూరమే. ఆ రోజు పరుగెత్తాను.

మన దేశంలో ఓట్స్ ఎక్కువగా పశువుల మేత. అందుకే ఎత్తుగా, గుబురుగా పెరిగేదే మంచి రకమంటారు. గింజలో ప్రోటీను, గుండెకు మేలు చేసే బంక పీచు పెరిగితే దిగుబడి తగ్గుతుందని, రెండూ ఒకే మొక్కలో కోరడం అత్యాశని మా గైడ్ గారి నమ్మకం. నా రకాల్లో కొన్ని నిరుడు రెండూ చూపించాయి. కానీ ఒక్క పంటను చూసి ఎవరూ ఒప్పుకోరు. ఈ ఏడు గింజ కూడా అదే మాట చెప్పాలి. వాటికున్న లోపమల్లా గింజ బరువుకు కాడ వాలిపోవడం. ఇంకో వారంలో కోత పెట్టుకున్నాను.

ఆక్వా లైన్‌లో పక్క సీటు ఆంటీ వైశాలి అనే చోటు నుంచి కొడుకు హాస్టల్‌కి వెళుతోంది. నా ముఖం చూసి ఎవరికైనా బాగాలేదా అని అడిగింది. నా పంట కోసేస్తున్నారని చెప్పాను.

"ఖేత్ తుమ్హారా హై, బేటా?"

పొలం నాది కాదు.

షేర్ ఆటోలో గేటు దగ్గర దిగేసరికి పదిన్నర. నా మళ్ళలో మొదళ్ళు తప్ప ఏమీ లేవు. మేనేజర్ షెడ్డు నీడలో టీ తాగుతున్నాడు.

"గిర్ గయా థా, మేడం. దేఖ్‌నే మే ఖరాబ్ లగ్ రహా థా."

వాలిపోయిందట, చూడ్డానికి బాగాలేదట. నా పేరు రాసిన బోర్డు కనిపించలేదా అని అరిచాను.

"చారా హీ తో హై," అన్నాడు. మేతే కదా అని.

ఆ కప్పు లాక్కుని విసిరికొట్టాలనిపించింది. శ్రావణి నా మోచెయ్యి పట్టుకుని లాగింది. "అక్కా, ముందు డెయిరీకి పోదాం. కోసింది బర్రెలకు ఏసిన్రు, ఇంక అంతా తినలేదు."

క్యాంపస్ డెయిరీలో గేదెలు నా మూడేళ్ళ పనిని తీరిగ్గా నములుతున్నాయి. ఏ రకం ఏదో తెలిసేలా కంకులకు ట్యాగులు కట్టాను. మోకాళ్ళ మీద కూర్చుని కుప్ప కలియబెట్టాం. ఒక గేదె నోట్లోంచి శ్రావణి కంకి లాగితే ట్యాగు దాని నోట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం దాకా వెతికితే మంచి రకాల్లో ఒక్కటే మిగిలింది, చిన్న కవరులో అడుగున పట్టేన్ని గింజలు.

తిరుగు రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. పీచెంతో తెలియాలంటే గింజను పిండి చెయ్యాలి. పిండి చేస్తే, దిగుబడి చూడటానికి నవంబరులో విత్తేందుకు చాలినన్ని మిగలవు. విత్తాలనే నిర్ణయించుకున్నాను. లోపల ఏముందో తెలియకుండానే ఇంకో ఏడాది.

సెక్టార్ 51 రాకముందే ఆ యూనివర్సిటీ డైరెక్టర్‌కు మేనేజర్ మీద ఫిర్యాదు రాసి పంపాను. గైడ్ గారికీ కాపీ పెట్టాను. ఆయన వెంటనే జవాబిచ్చారు: "తొందరపడ్డావమ్మా. వచ్చే ఏడు ఆ పొలం ఇవ్వకపోతే ఏం చేస్తావు? కోపం తగ్గాక మాట్లాడుకుందాం."

ఆ పొలానికి నేను ఎన్నోసార్లు వెళ్ళాను. దారి మంచిదే. పొలంలో పైరు వాలితే వాళ్ళకు అసహ్యంగా కనబడింది. కంకిలో గింజ నిండితేనే అది వాలుతుంది. ఎందుకు వాలిందని అడిగిన వాళ్ళు ఒక్కరూ లేరు.

"కోపం తగ్గదు సార్, ఇప్పుడే మాట్లాడదాం," అని రాసి, రైలు దిగి ఆయనకు ఫోన్ చేశాను.