రాజకుమారి చేసిన నల్లపొడి

రాజకుమారి తండ్రి ఎలీయాజరు మండవల్లి దగ్గర చేపల చెరువులకు నీళ్లు తోడే డీజిల్ ఇంజన్లు నడిపేవాడు. షెడ్డులో ఏళ్ల తరబడి పొగ పీల్చి, యాభై దాటేసరికి నాలుగడుగులు వేస్తే చాలు ఆయాసపడేవాడు. ఏలూరులో కెమిస్ట్రీ లెక్చరరుగా ఉన్న కూతురు, డీజిల్లోంచి గంధకాన్ని తీసే పని మీద పీహెచ్‌డీ మొదలుపెడితే, ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.

2007 వేసవిలో ఆమె చేసిన పొడి పనిచేసింది. ఇనుము కలిసిన నల్లటి పొడి అది. డీజిల్ లాంటి నూనెలో వేసి పెరాక్సైడుతో కలియబెడితే గంధకం కడిగేయడానికి వీలుగా మారేది. ఆ తరువాత అయస్కాంతంతో పొడిని వెనక్కి లాగి మళ్లీ వాడుకోవచ్చు. ఒక సీసా ఇంటికి తెచ్చి తండ్రికి చూపించింది. అయస్కాంతం ఆనించగానే నలుపంతా ఒక పక్కకు చేరి, నూనె తేటపడింది.

"దీంతో పొగ పోద్దా అమ్మా?"

"పొగ పోదు నాన్నా. ఘాటు తగ్గుద్దంతే."

"పోనీలే. నువ్వు డాక్టరువయితే చూడాలనుంది."

అయితే అది శుభ్రమైన ద్రావకంలో గంధకం పదార్థం వేసి ల్యాబులో కలుపుకున్న నమూనా నూనె. బంకులో కొన్న డీజిల్లో సగం గంధకం కూడా పోలేదు. గైడు నరసింహమూర్తి గారు మంచి మనిషి. "నమూనా ఫలితాలు చాలమ్మా. థీసిస్ ఇచ్చెయ్యి. నాన్నగారు చూస్తారు," అన్నారు.

ఆ మాట మీద ఆమె చాలా రోజులు ఊగిసలాడింది. చివరికి, "చదివినవాళ్లు పని అయిపోయిందనుకుంటారండీ సార్. అవలేదు కదా," అంది.

చలికాలం వచ్చేసరికి ఎలీయాజరు మంచం పట్టాడు. కూతురు వచ్చినప్పుడల్లా "అయిందా?" అని అడిగేవాడు. "ఇంకా లేదు నాన్నా," అనేది. క్రిస్మస్‌కు ముందే ఆయన పోయాడు. అయిందని ఒక్కసారి చెప్పి ఉంటే ఏం పోయేదని తరువాత ఆమె చాలాసార్లు ఏడ్చింది.

డీజిల్లోని వేరే పదార్థాలేవో పొడికి పట్టి దాన్ని చంపేస్తున్నాయని మరుసటి ఏడు తేలింది. ముందుగా డీజిల్ని బంకమట్టిలో వడకడితే కొంత మెరుగయింది, పూర్తిగా కాదు. కుదిరినదీ కుదరనిదీ రెండూ థీసిస్‌లో రాసింది.

"ఈ ఓడిపోయిన అధ్యాయం ఎందుకమ్మా?" అని అడిగారు థీసిస్ మీద మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దాయన.

"ఇంజన్లలో పోసేది ఆ బంకు డీజిలేనండీ."

ఆయన ఆ అధ్యాయం మొదటి పేజీకి తిప్పి చదవడం మొదలుపెట్టారు. డిగ్రీ వచ్చాక రాజకుమారి తాడేపల్లిగూడెంలో మరో కాలేజీలో ఉద్యోగంలో చేరింది. ఆ పొడి కోసం ఏ కంపెనీ రాలేదు. ఆమె మాత్రం అక్కడి చిన్న ల్యాబులో మళ్లీ బంకు డీజిల్‌తోనే పని మొదలుపెట్టింది.