ఓడినోడు లేవాలె

మా ఇంట్లో షోకేసు తలుపు తీస్తే గాజు గ్లాసులు, బొమ్మలు కనిపించవు. పాత టీవీ గేములు కనిపిస్తాయి. నలుపువి, బూడిద రంగువి, ఎండకు పసుపెక్కినవి, వైర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసినవి. అన్నీ ఆదివారాలు పాత సామాన్ల బజారుకు పోయి ఏరుకొచ్చినవే. "ఆడోళ్ళు చీరలు బేరం జేస్తరు, నువ్వు గీ చెత్త బేరం జేస్తవు" అని మా ఆయన ఎత్తిపొడుస్తాడు. చుట్టాలొస్తే, మా ఇంట్లో పాత ఇనుప సామాను దుకాణం ఉంది, చూసిపోండని నవ్వుతాడు. నవ్వనీ. చూసుకుని మురిసిపోవడానికి కొనడం లేదు నేను. మా అన్న ఆడిన పెట్టె ఎక్కడో ఒకచోట దొరక్కపోతుందా అని మొదలుపెట్టాను. దొరకలేదు. కొనడం మాత్రం ఆగలేదు.

మాది నార్కట్‌పల్లి దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. పట్నంలో మమ్మల్ని ఎవరూ ఊరి పేరు అడిగేవారు కాదు. నోరు తెరిస్తే చాలు, గార పట్టిన పళ్ళు చూసి వాళ్ళే చెప్పేసేవారు. అదంతా ఫ్లోరైడు కలిసిన బోరింగు నీళ్ళ చలవ. చూడటానికి తేటగా ఉండేవి ఆ నీళ్ళు. నన్ను అప్పటికి పళ్ళతో వదిలిపెట్టాయి. నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన అన్నకు ఎముకల్లో దిగాయి. మీసం వచ్చే వయసుకే మోకాళ్ళు వంగి అట్లాగే బిగుసుకుపోయాయి, నడుము ముసలివాళ్ళ నడుములా ముందుకు వాలిపోయింది. దవాఖానలో డాక్టరు మాత్రలు రాసిచ్చి, నీళ్ళు మార్చమని చెప్పాడట. బాపు ఇంటికొచ్చి కడప మీద కూలబడి, "నీళ్ళు మార్చాల్నట. యాడికెల్లి తేవాలె? ఆయన ఇంట్లకెల్లి తెద్దునా" అన్నాడు. ఆ పూట కూడా అమ్మ అవే నీళ్ళతో బియ్యం కడిగింది.

తొంభైల మొదట్లో సంగతి. బాపు తమ్ముడు, మా చిన్నాయిన, విజయవాడ రోడ్డు మీద లారీ నడిపేవాడు. ఒకసారి వస్తూ హైదరాబాదు పాత బజారులో కొన్న టీవీ గేమొకటి తెచ్చాడు. టీవీకి తగిలించే పెట్టె, మీటలు నొక్కే రిమోట్లు రెండు, ఇద్దరు మనుషులు తన్నుకునే ఆట ఉన్న పసుపు క్యాసెట్టు ఒకటి. బడి మానేసి రోజంతా గోడకు ఆనుకుని కూర్చునే అన్న కోసమే తెచ్చాడు. వారం తిరక్కుండానే ఊళ్ళో మగపిల్లలంతా మా ఇంట్లో చేరారు. అంతకుముందు అన్న వెనకాల వంగి నడిచి వెక్కిరించినవాళ్ళే ఇప్పుడు "అన్నా, అన్నా" అని చుట్టూ మూగారు. అవసరం అట్లాంటిది మరి.

ఉన్నది ఒక్క టీవీ. వంతుల కోసం కొట్లాటలు. అప్పుడు అన్నే రూలు పెట్టాడు: "ఓడినోడు లేవాలె. గెలిచినోడు కూసుంటడు." ఓడినవాడు లేచి గుమ్మం దగ్గరికి పోయి నిలబడాలి, ఇంకొకడు వచ్చి ఆ జాగాలో కూర్చోవాలి.

ఆ రూలు వినగానే నేను అమ్మ వైపు చూశాను. ఎందుకంటే అన్న తనంతట తాను లేవలేడు. వెనక నుంచి అమ్మ చంకల కింద చేతులు వేసి ఎత్తాలి, ముందు నుంచి నేను రెండు చేతులు పట్టి గుంజాలి. పళ్ళ బిగువున ఎంత ఆపుకున్నా మూలుగు బయటికి వచ్చేది. అది పిల్లల కంటపడటం అన్నకు చావుతో సమానం. అందుకే వాళ్ళు రాకముందే గోడ దగ్గర కూర్చోబెట్టించుకునేవాడు, అందరూ పోయాకే లేపించుకునేవాడు. మధ్యలో బయటికి పోవాల్సి వస్తుందని, దాహమైనా గుక్కెడు నీళ్ళు తాగేవాడు కాదు. గెలుస్తున్నంతసేపు ఎవడూ లెమ్మనడు. కాబట్టి గెలుస్తూనే ఉండాలి.

గెలిచాడు కూడా. ఎండాకాలం గెలిచాడు, వానాకాలం గెలిచాడు. నార్కట్‌పల్లి నుంచి సైకిళ్ళ మీద వచ్చి ఓడిపోయి తిరిగిపోయినవాళ్ళున్నారు. మీ అన్నను గెలవడం మా వల్ల కాదని వాళ్ళు నాతో అంటుంటే నాకు ఒళ్ళు పొంగేది. అన్న మనసారా నవ్వగా నేను చూసింది ఆ రోజుల్లోనే. పిల్లలు పోయాక అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేది.

తర్వాత వేళ్ళు మొదలయ్యాయి. ముందు అన్నం ముద్ద జారిపడింది. అమ్మ చూసి, మర్నాటి నుంచి కంచంలో చెంచా పెట్టింది. బొటనవేలు మీట మీద ఉందో లేదో తనకే తెలియడం లేదని అన్న నాకొక్కదానికే చెప్పాడు. మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆడేవాడు. వేలు వదిలేసి దాని కింది ఎముకతో నొక్కడం నేర్చుకున్నాడు. రిమోటు తొడ మీద పెట్టి అరచేతి అంచుతో కొట్టడం నేర్చుకున్నాడు. నన్ను ఓడించాక, "చూసినవా చెల్లె, ఇంక ఫికర్ లేదు" అనేవాడు.

ముసురు పట్టిన ఒక ఆదివారం ఇల్లంతా పిల్లలే. సైకిలు దుకాణం ఆయన కొడుకు, కొత్తగా రావడం మొదలుపెట్టిన పిల్లవాడు, తన వంతు రాగానే కూర్చున్నాడు. అన్న అరచెయ్యి మీట మీద పడింది గాని, తెర మీద బొమ్మ కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. కదల్లేదు. ఆ పిల్లవాడు ఆగకుండా కొట్టుకుంటూ పోయాడు. అన్న బొమ్మ కింద పడింది.

గెలిచినవాడే భయపడి రిమోటు కింద పెట్టాడు. పిల్లల్లో పెద్దవాడు, ఒకప్పుడు అన్న వెనకాల వంగి నడిచినవాడే, ఎంతో మెత్తగా అన్నాడు.

"కూసో అన్నా. నీకు రూలు లేదు."

అందరూ ఔనన్నారు. మంచి మాటే. ఆ మంచి మాట మీద నాకు ఈనాటికీ కోపం పోలేదు. అన్న లేవలేడని వాళ్ళకు ముందు నుంచీ తెలుసన్నమాట. తెలిసి ఇన్నాళ్ళూ ఊరుకున్నారు. కొత్త పిల్లవాడికి ఎవరూ చెప్పి ఉండరు. తను గెలిచిన ఆటలెన్ని, వాళ్ళు కావాలని విడిచినవెన్ని అని అన్న లోపల ఆ క్షణానే లెక్క మొదలై ఉంటుంది. ముఖం అట్లా పాలిపోయింది.

"ఎందుకు లేదు? పెట్టింది నేనే గద," అన్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు. "అమ్మా, రా. లేపుండ్రి."

అమ్మ పిండి చేతులతోనే వచ్చింది. పిల్లల్ని బయటికి పంపబోతే అన్న వద్దన్నాడు. వెనక అమ్మ, ముందు నేను. సగం లేచేసరికి లుంగీ జారింది. పుల్లల్లాంటి కాళ్ళు, ఉబ్బిన మోకాళ్ళు అందరి ముందు బయటపడ్డాయి. ఒక్కడూ నవ్వలేదు. మునుపటిలా వెక్కిరించినా బాగుండు అనిపించింది. నేనే లుంగీ కట్టి, అమ్మా నేనూ నడిపించుకుపోయి గుమ్మం దగ్గర నిలబెట్టాం. ఓడినవాళ్ళు నిలబడే జాగాలో, దర్వాజ పట్టుకుని, తర్వాతి ఆట అయ్యేదాకా నిలబడ్డాడు. మళ్ళీ వంతు వచ్చి పిలిస్తే, ఇవాళ్టికి చాలన్నాడు.

ఆ తర్వాత రిమోటు ముట్టలేదు. పిల్లలు కొన్నాళ్ళు వచ్చారు. అన్న గోడ వైపు తిరిగి పడుకుని ఉంటే కాసేపు నిలబడి పోయేవారు. చిన్నాయిన ఆ పెట్టెను తీసుకుపోయి ఎవరికో ఇచ్చేశాడు. మరుసటి ఎండాకాలం అన్న చూడలేదు. చాలా ఏళ్ళకు ఊరికి కృష్ణ నీళ్ళు వచ్చిన రోజు, నల్లా కింద బిందె నిండి పొర్లిపోతున్నా అమ్మ ఎత్తకుండా అట్లాగే చూస్తూ నిలబడిందట.

ఇప్పుడు నాకొక కొడుకు. సెలవు రోజుల్లో చాప వేసుకుని, పాత పెట్టెల్లో ఏదో ఒకటి తగిలించి ఇద్దరం ఆడతాం. రూలు వాడికీ నేర్పాను, ఎక్కడిదో చెప్పలేదు. మొన్న నేను ఓడిపోయాను. లేవాలె అమ్మా అని నవ్వాడు. నేలకు చెయ్యి ఆనించాను. మోకాలు కదల్లేదు. ఈ మధ్య పొద్దున పూట పట్టేస్తున్న సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను తాగిందీ ఆ బోరింగు నీళ్ళే కదా. రెండోసారి చెయ్యి ఆనించాను.

వాడు నా ముఖం చూశాడు. నవ్వు ఆపేసి, మెల్లగా రిమోటు నా వైపు జరిపాడు.

"కూసో అమ్మా. నీకు రూలు లేదు తియ్."

"ఎందుకు లేదు?" అన్నాను. "చేతులు ఇటియ్యి. లేపు."