మిగిలిపోయిన పక్కటెముక

మా బాబాయి మెడికల్ కాలేజీలో అస్థిపంజరాలు కూర్చేవాడు. దానంగా వచ్చిన శరీరాల మీద విద్యార్థుల పాఠాలు పూర్తయ్యాక, శుభ్రం చేసిన ఎముకలను తీగలతో కట్టి మళ్లీ మనిషి ఆకారంలో నిలబెట్టడం ఆయన పని. కాలేజీ మొత్తానికి ఆయన ‘ఎముకల బాబాయి’. నాకు మాత్రం నిజంగానే బాబాయి, మా అమ్మ చెల్లెలి భర్త.

పని ఎప్పుడూ వెన్నెముకతోనే మొదలుపెట్టేవాడు. ఇనుప కడ్డీని మెడ దగ్గర ముందుకు, వీపు దగ్గర వెనక్కి, నడుము దగ్గర మళ్లీ ముందుకు వంచి, దానికి వెన్నుపూసలు గుచ్చేవాడు. మెడకి ఏడు, వీపుకి పన్నెండు, నడుముకి అయిదు.

“నిటారుగా ఉంటే గొప్పేం కాదు తల్లీ. ఈ వంపులే లేకపోతే అడుగేసినప్పుడల్లా అదురు తిన్నగా నెత్తికెక్కుతుంది” అనేవాడు. పూసల మధ్య ఉండాల్సిన మెత్తని బిళ్లల బదులు ఫెల్టు గుడ్డను గుండ్రంగా కత్తిరించి పెట్టేవాడు. తర్వాత పక్కటెముకలు, పన్నెండు జతలు. పై ఏడు జతలు రొమ్ము ఎముకకు నేరుగా అతుకుతాయి. తర్వాతి మూడూ తమ పైదాన్ని ఆసరా చేసుకుంటాయి. చివరి రెండు జతలకూ ముందువైపు ఏ ఆధారమూ ఉండదు. “గుండెకీ ఊపిరితిత్తులకీ ఇది కోట. కానీ కదిలే కోట. ఊపిరి తీసినప్పుడల్లా బకెట్ పిడిలా పైకి లేస్తుంది” అని తన డొక్కల మీద చేతులు పెట్టి చూపించేవాడు.

“ఇంట్లో చెంచాలెన్నో తెలీదు గానీ, ఊళ్లోవాళ్ల డొక్కల లెక్క మాత్రం నోటికొచ్చు” అనేది పిన్ని.

ఆ లెక్క ఒక్కసారి తప్పింది. పదకొండేళ్ల కిందట ఒక దర్జీ ఆవిడ శరీరం దానంగా వచ్చింది. ఆమె కూతురు బాబాయి చెయ్యి పట్టుకుని, “మా అమ్మ ఎముకలు ఒక్కచోటే ఉంటాయి కదండీ?” అని అడిగింది. ఉంటాయని బాబాయి మాటిచ్చాడు. కూర్పు పూర్తయింది. పన్నెండు జతలూ సరిపోయాయి. అయినా బల్ల మీద చిటికెన వేలంత ఎముక ఒకటి మిగిలింది.

తన చేతి మీదుగా ఇద్దరి ఎముకలు కలిసిపోయాయని బాబాయి భయపడ్డాడు. మిగతా అస్థిపంజరాలన్నీ వెతికాడు. ఎక్కడా ఏదీ తక్కువ కాలేదు. ఎవరితోనూ చెప్పలేక ఆ ఎముకను మాత్రల డబ్బాలో దాచాడు. అప్పటినుంచి ఆ అస్థిపంజరం ముందు తలదించుకునే నడిచేవాడు. ఈ సంగతి పిన్నికి కూడా తెలియదు.

ఈ ఏడాది ఆయన ఎడమ చేతి చివరి రెండు వేళ్లు తరచూ తిమ్మిరెక్కసాగాయి. పట్టుకున్న తీగ జారిపోయేది. పిన్ని పోరు పడలేక ఆసుపత్రికి బయలుదేరాడు. తోడుగా నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగు పలక మీద పెట్టింది. బాబాయి అలవాటుగా పైనుంచి లెక్క మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు.

“ఇది నాది కాదమ్మా. ఎవరిదో మారిపోయింది.”

“మీదే బాబాయ్” అంది ఆ కాలేజీలోనే చదివిన డాక్టరమ్మ.

“మరి పైన ఇదేంటి?”

“అదనపు పక్కటెముక. మెడలో ఏడో పూసకి మొలుస్తుంది. నూటికి ఒకరికి ఉంటుందేమో. పుట్టుకతోనే వస్తుంది. చేతికెళ్లే నరాన్ని నొక్కుతోంది, అందుకే తిమ్మిరి.”

“పన్నెండే కదమ్మా ఉండాలి!”

“మీకు ఒకవైపు పదమూడు” అని ఆమె నవ్వింది.

బాబాయి నవ్వలేదు. “ఏడో పూసకా?” అని మళ్లీ అడిగాడు. ఆపరేషన్ అవసరం పడవచ్చని ఆమె చెబుతున్న మాటేదీ ఆయన చెవికెక్కలేదు. నా మణికట్టు పట్టుకుని రోడ్డు దాటించి, ఆ మిగిలిన ఎముక సంగతి మొదటిసారి నాకు చెబుతూ, తిన్నగా కాలేజీకి లాక్కెళ్లాడు.

దర్జీ ఆవిడ అస్థిపంజరం కిటికీ పక్కన ఉంది. ఏడో మెడ పూస ఎడమ అంచున తెల్లటి మచ్చ కనిపించింది.

“ఇక్కడ చిన్న గుంట ఉండేది. దెబ్బ తగిలి అరిగిందనుకుని నేనే సుద్దతో పూడ్చేశాను” అన్నాడు. “చూడవే, నేనే పూడ్చేశాను!”

సూదితో ఆ సుద్దను గీకాడు. రాలేకొద్దీ కింద నున్నటి గుంట బయటపడింది. సొరుగులోంచి డబ్బా తీసి, ఎముక మొనను ఆ గుంటకు ఆనించాడు. అది కొలత తీసి చేసినట్టు కూర్చుంది.

ఆ ఎముక ఆమెదే. పదకొండేళ్లుగా ఆమెకు దక్కకుండా డబ్బాలో పెట్టింది బాబాయే.

“అమ్మాయ్” అన్నాడు. “ఈవిడ దర్జీ పని చేసేది కదే. ఈ వేళ్లు ఈవిడకీ తిమ్మిరెక్కే ఉంటాయి. గుడ్డ జారిపోయే ఉంటుంది. అలా ఎందుకవుతోందో ఆవిడకి ఎవరైనా చెప్పారో లేదో!”

తీగ తీసుకున్నాడు. ఎడమ చేతిలోంచి జారిపోయింది. మళ్లీ తీశాడు, మళ్లీ జారింది. నేను వంగి తీగను అందుకుని, ఎముకను కదలకుండా పట్టుకున్నాను. బాబాయి కుడిచేత్తో మూడు మెలికలు వేసి బిగించాడు.

తర్వాత ఆమె కూతురి నంబరు కోసం రిజిస్టరు తెరిచాడు.