సుంకన్న కార్జంలో తెల్లముక్క

మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, సుంకన్నకు కోపం పుట్టుకతోనే వచ్చింది. బేతంచెర్ల బండల ఫ్యాక్టరీ దానికి పాలిష్ పెట్టింది. అక్కడ ఆయన పని బండ మీద నీళ్లు పోసి, ఆరేదాకా చూడడం. పగులున్న చోట తడి ఆరదు, నల్లగా గీత మిగులుతుంది. ఆ బండ పక్కకు, తెచ్చినవాడికి తిట్లు. మా నాయనకు మా అమ్మను చూడబోయినప్పుడు తాగమని ఇచ్చిన నీళ్లను వాళ్ల నట్టింట్లో ఒంపి, "ఏమప్పా, ఈ పగులుబండ నీకెవడు అంటగట్టినాడు?" అని కాబోయే వియ్యంకుణ్ణి నిలదీసినాడంట.

2005లో ఆయన కార్జంలో, అదే డాక్టర్లు లివర్ అంటారే దాంట్లో, ఏదో ఉందన్నారు. ఆస్పత్రికి నేనే తోడుపోయినా. కర్నూలు స్కానింగ్ సెంటరులో సెలైన్‌తో ఒక మందు ఎక్కించినారు. అది కంటికి ఆనని ఇనుప పొడి అంట. తర్వాత అయస్కాంతం గొట్టంలోకి పోవాల.

"ఇనుము నింపి అయస్కాంతంలోకి తోస్తాండావే, అంటుకుంటే పీకేదెవరు, మీ నాయనా?" అని మిషన్ నడిపే కిరణ్‌కుమార్ మీద లేచినాడు.

మరుసటి రోజు డాక్టరు ఫిల్మును వెలుగుపెట్టె మీద ఆనించి, "ఈ తెల్లముక్క కోసేయాలి" అని గోడకు చెప్పినట్టు చెప్పి, ఇంకో రోగిని పిలిచినాడు. నాకే ఒళ్లు మండింది. జేజినాయన ఫిల్ము లాక్కున్నాడు.

"కార్జమంతా నల్లగా చెడిపోయిండాది. మంచిగా మిగిలిండేది ఈ తెల్లముక్కే. దాన్నీ కోసుకుంటారా, దొంగ నాయాళ్లు!"

నేరుగా బస్టాండుకు పోయినాడు. నేను కిరణ్‌కుమార్‌ను పట్టుకుని సంగతి అడిగినా. ఆ తెల్లముక్కే గడ్డ, కోయకుంటే ఏడాది కూడా బతకడన్నాడు. పరిగెత్తినా. జేజినాయన అప్పటికే బేతంచెర్ల బస్సెక్కి కూర్చున్నాడు.

"దిగు జేజినాయనా. మంచి కార్జం ఇనుము తాగి నల్లబడతాదంట. గడ్డ తాగదంట, తెల్లగానే ఉంటాదంట."

"ఎనిమిదో తరగతి గట్టెక్కనిదానివి, నీకేం తెలుసే?"

"బండ తెలుసు. పగులుకు లప్పం పెట్టి మూసిన బండ మీద నీళ్లు పోస్తే ఏమైతాది?"

ఆయన ఫిల్మును బస్సు కిటికీ వెలుతురుకు పట్టినాడు. బండంతా తడిసి నల్లబడుతుంది. నీళ్లు తాగని లప్పం తెల్లగా బయటపడుతుంది. ఆ మోసం పట్టుకున్న ప్రతిసారీ ఆయన అరుపులు రైల్వే స్టేషన్ దాకా వినపడేవి.

బస్సు కదిలింది. "ఆపప్పా! ముసలోడు దిగేది కనపడదా?" అని డ్రైవరునూ తిట్టి దిగినాడు.

తిరిగొచ్చి డాక్టరు బల్ల మీద ఫిల్ము విసిరికొట్టినాడు. "కొయ్యి. ఈ మాట మొదలే చెప్పేదానికి నీ నోటికి లప్పం పెట్టినారా?"

కోసినారు. మత్తు వదిలి కళ్లు తెరవగానే నామీద గుడ్లురిమినాడు.

"ఆ ముక్క యాడే? తెప్పీ. నీళ్లు పోసి చూడాల."