అక్క ఇచ్చిన కళ్లు

కదిరిలో మాది చిన్న ఫోటో స్టూడియో. నాయన పెట్టింది. మా చుట్టుపక్కల పల్లెల్లో ఒక ఆనవాయితీ ఉండేది. బతికుండగా ఫోటో దిగని మనిషి పోతే, స్నానం చేయించి, కొత్త పంచె కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి మమ్మల్ని పిలిపించేవాళ్లు. మేం ఆ ఫోటో తెచ్చుకుని, కళ్లు తెరిపించి, దినాలకు పటం కట్టి ఇవ్వాలి. నాయన సన్నటి కుంచెతో ప్రింటు మీదే కళ్లు దిద్దేవాడు. నాకు నేర్పబోతే, “ఇంకెన్నాళ్లు నాయనా ఈ కుంచెలు, అంతా కంప్యూటరే కదా” అని లేచిపోయేవాణ్ణి. ఆయన పోయాక ఆ కుంచెలు ఎక్కడ పెట్టానో కూడా నాకు గుర్తులేదు.

కంప్యూటరైతే వచ్చింది. బెంగళూరులో ఎవరో వాడి పక్కన పెట్టినది. అందులో ఉన్న ఆపరేటింగ్ సిస్టం అప్పటికే పాతబడింది. ఫోటోలు దిద్దే కొత్త సాఫ్ట్‌వేర్ సీడీ పెడితే “ఈ సిస్టం మీద ఇది నడవదు” అని ఒక గడి వచ్చి కూర్చునేది. సిస్టం మారుద్దామంటే నా స్కానర్ కొత్తదానితో పలకదు. పోనీ పాత సాఫ్ట్‌వేర్‌తోనే సర్దుకుందామంటే, అందులో కళ్లు పెడితే అతికించినట్టు తెలిసిపోయేది. కొత్తదానిలో చర్మం చర్మంతో కలిసిపోతుంది. నాకు అదే కావాలి.

నాకు మొండితనం ఎక్కువ. బెంగళూరులో ఉన్న స్నేహితుడొకడు ఒక చిన్న ఫైలు పంపాడు. అది పెడితే ఈ సిస్టం కొత్తదే అని సాఫ్ట్‌వేర్ నమ్ముతుందట. నిజంగానే నమ్మింది, తెరుచుకుంది. ఆ రోజు పక్క అంగళ్ల వాళ్లందరికీ టీ తెప్పించాను, ఏదో ఘనకార్యం చేసినట్టు. చిన్న ఫోటోలు బాగానే సేవ్ అయ్యేవి. పటం సైజు పెట్టి సేవ్ నొక్కితే మాత్రం ఒక్కోసారి మొత్తం మూసుకుపోయేది. ఎవరికి ఫోన్ చేసి అడిగినా ఒకటే మాట: “అది దాని మీద అసలు నడవకూడదు కదా సార్?” నడుస్తోంది బాబూ, అదే నా గోల అంటే ఫోన్ పెట్టేసేవాళ్లు.

అలాంటి రోజుల్లోనే ఒకామె వచ్చింది. గొర్రెలు కాసుకునే కుటుంబం. తమ్ముడు జ్వరంతో పోయాడు. కుర్చీలో కూర్చోబెట్టిన అతన్ని ఫోటో తీసింది నేనే. ఏడాదిలో సగం రోజులు మందతో మేత ఉన్న దిక్కుకు పోయేవాడు, ఓటు కార్డు ఫోటోలు తీసిన రోజు కూడా ఊళ్లో లేడు. తల్లి చిన్నప్పుడే పోతే ఈమే పెంచింది. మర్నాడే దినాలు, పటం తీసుకుపోదామని పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. నేనింకా మొదలే పెట్టలేదు.

“కండ్లు ఎవరివి పెడతావప్పా?” అంది.

“ఆయన పోలిక ఎవరికుందక్కా?”

“నాకే. మా ఇద్దరివీ మా నాయన కండ్లు. నావే తీసుకో.”

ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి ఫోటో తీశాను. ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్లు, కానీ నలుపు తెలుపులో అది తెలియదు. ఇలాంటి పనులకు నలుపు తెలుపు ఫిల్మే వాడేవాణ్ణి, గంటలో నేనే కడుక్కోవచ్చు. స్కాన్ చేసి, ఆ కళ్లు తెచ్చి తమ్ముడి ముఖంలో పెట్టాను. రెప్పల చుట్టూ దిద్దుతూ పోయాను. ఒక క్షణంలో అతను మమ్మల్ని చూశాడు. ఇంత బాగా నేనెప్పుడూ చేయలేదు.

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. “ఒరేయ్” అంది స్క్రీన్‌తో. “తిన్యావా?”

నేను సేవ్ నొక్కాను. మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే స్కాన్ చేసిన పాత ఫోటోనే, మూసిన కళ్లతో.

“ఏమయ్యిందప్పా?”

“ఏం లేదక్కా, ఒక నిమిషం” అన్నాను. నిమిషం కాదు, గంట పట్టింది. ఈసారి పటానికి సరిపోయేంత వరకు సైజు తగ్గించి సేవ్ నొక్కాను. అదీ అంతే. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడోసారి కళ్లు తెరిచాక సేవ్ జోలికే పోలేదు. కెమెరా స్టాండు మీద పెట్టి స్క్రీన్‌నే ఫోటో తీశాను. కంగారులో షట్టరు వేగం తగ్గించాలన్న సంగతే తట్టలేదు. చీకటి గదిలో ఫిల్మ్ కడిగి చూస్తే, తీసిన నాలుగింటిలోనూ స్క్రీన్‌కు అడ్డంగా నల్లటి పట్టీ, ఒకదానిలో సరిగ్గా కళ్ల మీదే. మళ్లీ తీద్దామని పరిగెత్తుకొచ్చేసరికి స్క్రీన్ బిగుసుకుపోయి, తెల్లబడి, మూసుకుపోయింది. ఆమె దాని ముందే కూర్చుని ఉంది.

“ఇంకొక్కసారి చూస్తానక్కా” అన్నాను.

“వద్దప్పా. తెరిసినట్లే తెరిసి మూస్తాండాడు. పొద్దున్నుంచి మూడుసార్లు పోయినాడు నా తమ్ముడు. సాలు. ఎట్లుండాడో అట్లే ఇయ్యి, బస్సు పోతాది.”

మూసిన కళ్లతోనే పటం కట్టి ఇచ్చాను. ఆమె దాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బస్టాండు వైపు వెళ్లింది. ఆ నాడు నాకు నా మీద కలిగిన అసహ్యం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

ఏడాది తర్వాత అనంతపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కి పోయాను. పక్క సీట్లో ఒకాయన స్క్రీన్ మీద కనిపిస్తున్న బొమ్మను ఉన్నదున్నట్టు కాపీ చేసి వేరే చోట అతికిస్తున్నాడు. ఎలా అని అడిగాను. కీబోర్డు పైవరసలో, కుడివైపు ఒక మీట చూపించాడు. సేవ్ అక్కర్లేదట. అది నొక్కితే చాలట.

కదిరికి తిరిగొచ్చి స్టూడియో తెరిచాను. నా కీబోర్డు మీద కూడా ఆ మీట ఉంది, దుమ్ము పట్టి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అది దేనికని అడగలేదు. స్క్రీన్ మీద ఏమీ లేకుండానే ఒకసారి నొక్కి, వేరే చోట అతికించి చూశాను. పనిచేసింది.