నీళ్ల పైపు గ్లోరియా

ఆ పోట్లాటలో లెక్కప్రకారం గ్లోరియా ఓడిపోవాలి. కెనడాలో, విన్నిపెగ్‌లోని ఆ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో, రూపవతి వాళ్ల బాత్‌రూమ్ పైకప్పు మీద అట్టంత మరక పడింది. సరిగ్గా ఆ పైనే గ్లోరియా ఇల్లు. ఆమె కమోడ్ పక్కన మన దేశంలోలాగా జెట్ స్ప్రే బిగించుకుందని బిల్డింగంతటికీ తెలుసు. ఇక్కడి బాత్‌రూముల నేలకు తూము ఉండదు. అందుకని ఎక్కడ చుక్క కారినా తప్పు ఇండియావాళ్ల మీదికే వస్తుంది. రూపవతి కూతురు షెర్లీ కంప్లైంట్ పెట్టేసి ఆఫీసుకు పోయింది. మేనేజరు సాక్ష్యానికని డెబ్బై రెండేళ్ల రూపవతిని వెంటబెట్టుకుని పైకెక్కాడు. రెండో తరగతితో బడి మానేసిన ఆమెకు ఇంగ్లిష్ రాదు. అయితేనేం, పోట్లాట ఏ భాషలో జరిగినా ఎవరిది పైచేయో ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది.

మేనేజరు ముందు పైపు చూపించాడు, తర్వాత వాకిలి చూపించాడు. పైపు పోతుందా, నువ్వు పోతావా అని అడుగుతున్నాడన్నమాట.

గ్లోరియా గొంతు పెంచలేదు. నేలా గోడా పొడిబట్టతో తుడిచింది. అలమరలోంచి టాయిలెట్ పేపర్ తీసి, తన పైపుకు ఉన్న ప్రతి అతుకుకీ దెబ్బకు కట్టు కట్టినట్టు ఒక్కో ముక్క చుట్టింది. గోడలోంచి వచ్చే బిల్డింగ్ వాళ్ల పాత వాల్వుకు కూడా ఒక ముక్క చుట్టి, టీ పెట్టుకొచ్చింది. మేనేజరు టబ్బు అంచున కూర్చుని ఆ టీ తాగాడు. అరగంట పోయాక చూస్తే గ్లోరియా అతుకుల మీది కాగితాలు అప్పుడే చుట్టినట్టు పొడిగా ఉన్నాయి. వాల్వు మీదిది తడిసి ముద్దయి కిందికి జారింది. ఆ మనిషి ఏదో గొణుక్కుంటూ వెళ్లాడు. మర్నాడే కొత్త వాల్వు వచ్చింది.

మేనేజరు అటు వెళ్లినా రూపవతి మాత్రం కదల్లేదు. "నువ్వు కాగితం వాడవటగా. మరి ఇంట్లో ఎందుకుంది?" అని అడిగింది.

"ఇంటికొచ్చేవాళ్లకీ, కారే పైపులకీ ఆంటీ."

ఆ జవాబు రూపవతికి నచ్చింది. ఆ రోజు మొదలు ఏదో వంకతో పైకి వెళ్లడం అలవాటు చేసుకుంది. ఒకే చర్చికి వెళ్తున్నా అన్నాళ్లూ వాళ్లిద్దరి మధ్య పలకరింపులే. ఇప్పుడు వెళ్లిన ప్రతిసారీ కొత్త సంగతి ఒకటి కనబడేది. గ్లోరియాది పాలకొల్లు దగ్గర పల్లె. తండ్రి చేతిపంపులు బాగుచేసేవాడు. పక్కన పానాలు అందిస్తూ పెరిగింది. ఇప్పుడు నలభై ఆరేళ్లు. ఇంటింటికీ వెళ్లి మంచాన పడ్డ ముసలివాళ్లకు స్నానాలు చేయించే హోమ్ కేర్ ఉద్యోగం. మొదటి చలికాలం జెట్ స్ప్రేకి చన్నీళ్ల లైను ఒక్కటే కలిపిందట.

"జనవరిలో ఒకసారి మీట నొక్కాను ఆంటీ. పక్కింటివాళ్లకు వినపడేలా స్తోత్రం చెప్పాను."

ఆ దెబ్బతో సింకు కిందనుంచి వేణ్నీళ్లు కూడా లాగింది.

బాత్‌రూమ్‌లో తీగ మీద జానెడేసి గుడ్డముక్కలు వరసగా ఆరేసి ఉండేవి. పాత లుంగీలు కత్తిరించి, అంచులు కుట్టినవి.

"ఛీ, వీటితో తుడుచుకుంటారా?"

"తుడవడానికి కాదు, తడి అద్దుకోడానికి. కడిగే పని నీళ్లు చేస్తాయిగా. వాడినవి ఆ మూత బకెట్లో పడేసి, రోజు మార్చి రోజు వేణ్నీళ్లలో విడిగా ఉతుకుతా. ఉత్తరాన దుంగల లారీలు చూశారా ఆంటీ, ఒకదాని వెనక ఒకటి? అన్నీ ఇందుకేనని కాదు. ఒక్కసారి తుడిచి పారేసేదానికి ఒక్క చెట్టయినా ఎందుకూ అని."

రూపవతి అన్నిటికీ తల ఊపి, సీటు కిందినుంచే నీళ్లు చిమ్మే బిడే ఎలా పనిచేస్తుందని, దాన్ని తిప్పే మర ఏ వైపు ఉంటుందని, ముసలివాళ్లు వాడగలరా అని గుచ్చి గుచ్చి అడిగేది. ఎవరి కోసమో అడుగుతున్నట్టు.

అసలు సంగతి వేరు. కిందటి చలికాలం మంచుమీద జారిపడ్డప్పటినుంచి ఆమె ఎడమ భుజం పట్టేసింది. చెయ్యి వెనక్కి పోదు. కుడిచెయ్యి అన్నం తినే చెయ్యి, వట్టిగా దాన్ని అటు పోనిచ్చేది లేదు. కాగితంతో తుడుచుకునే జాతి అని లోకాన్నంతా వెక్కిరించిన మనిషి, ఇప్పుడు ఆ కాగితాన్నే కుడిచేతికి నాలుగు మడతలు చుట్టుకుంటోంది. చర్మం ఒరుసుకుపోయి మంట. వెళ్లే పని తగ్గుతుందని తిండి తగ్గించింది. ఒక్కపూట భోజనం. కూతురికి ఆకలి లేదని చెప్పింది. షెర్లీ భయపడి రక్తపరీక్షలు చేయించింది. రక్తంలో ఏముంటుంది?

ఒక మధ్యాహ్నం గ్లోరియా గారెలు పెట్టింది. రూపవతి సగం తుంచి పళ్లెం పక్కకు జరిపింది.

"ఎడమ భుజం ఎన్నాళ్లబట్టి ఆంటీ?"

"గారెలు పెట్టి భుజం అడుగుతావేం?"

"నా పనే అది. చెయ్యి లేవనివాళ్లు ముందు జడ మానేస్తారు, తర్వాత అన్నం మానేస్తారు."

రూపవతి కిటికీవైపు తిరిగింది. అటు చూస్తూనే, "షెర్లీకి చెప్పావంటే నీ గుమ్మం తొక్కను" అంది.

"చెప్పను."

శనివారం గ్లోరియా పానాతో కిందికి దిగింది. షెర్లీకి చెట్ల సంగతి మాత్రం చెప్పింది. "ఎకో ఫ్రెండ్లీ కదా అక్కా, ఇన్‌స్టాల్ చేసెయ్" అంది షెర్లీ ఫోన్‌లోంచి తలెత్తకుండా. సీటు కింద బిడే కూర్చుంది, కుడిపక్కన మర. చెయ్యి వెనక్కి పోనక్కర్లేదు, మర తిప్పితే చాలు. గ్లోరియా అటు వెళ్లగానే రూపవతి తలుపేసుకుని, నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయో చూద్దామని నిలబడే వంగి మర తిప్పింది. కళ్లజోడు, రవిక, ఎదురుగోడ అన్నీ తడిశాయి. ఆ గోడ తనే తుడుచుకుంది, ఎవరికీ చెప్పలేదు. రెండోసారి బుద్ధిగా కూర్చుని తిప్పింది.

వారం తిరక్కుండా రాత్రి భోజనానికి కూడా కంచం ముందు కూర్చుంది. డాక్టరిచ్చిన బలం మాత్రలు పనిచేశాయని షెర్లీ సంబరపడింది.

మళ్లీ గారెల పళ్లెం పట్టుకొచ్చిన రోజున రూపవతి నాలుగు తినేదాకా గ్లోరియా చూస్తూ కూర్చుంది.

"ఒక పని చేసిపెట్టాలి ఆంటీ."

"గారెలు ఊరికే రావని తెలుసులే. చెప్పు."

"మన చర్చిలో ముగ్గురు పెద్దవాళ్లు మీలాగే విందులో పళ్లెం ముట్టకుండా పక్కన పెడుతున్నారు. నేను కదిలిస్తే నవ్వి మాట మారుస్తున్నారు. మీ నోటికైతే చర్చంతా హడలు. వచ్చే ఆదివారం స్త్రీల కూటంలో సాక్ష్యం మీరు చెప్పాలి. చెట్ల సంగతి నేను చెప్తా. చెయ్యి సంగతి, తిండి మానేసిన సంగతి మీరు చెప్పండి. షెర్లీ ముందరే చెప్పండి."